పెద్ద అలలున్న రోజు నీటి కింద నిశ్శబ్దం, చిన్న అలలున్న రోజు హోరు. ఎందుకిలా?

ఉప్పుగాలి
పది మీటర్ల లోతులో అడుగున బరువైన ఇనుప చట్రం దించి, దానికి హైడ్రోఫోన్ (నీటి కింది మైకు) కట్టి రికార్డు చేస్తున్నా. ఒక రోజు గాలి అసలు లేదు. ఎక్కడో దూరాన తుఫాను రేగినట్టుంది, అక్కణ్నుంచి స్వెల్ మాత్రం వస్తోంది. రెండేసి మీటర్ల అలలు, నున్నగా, వరసగా, పన్నెండు సెకన్లకొకటి. ఆ రోజు 1 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ లేదు. ఇంకో రోజు గాలి బాగా లేచింది. అలలు మోకాలెత్తు కూడా లేవు గానీ అదే బ్యాండ్‌లో ఒకటే హోరు. ఏ రొద పట్టిక చదివినా "సముద్ర స్థితి (అలలు ఎంత లేచాయో చెప్పే అంకె) పెరిగితే రొద పెరుగుతుంది" అనే ఉంది. నాకు దానికి పూర్తిగా తలకిందులుగా వస్తోంది. పరికరం పాడైందా, ఆ పట్టికలే తప్పా? విసుగొచ్చేసింది.

ఇంకోటి, స్వెల్ ఉన్న రోజు ఫైల్‌లో అక్కడక్కడా సిగ్నల్ నెత్తి కోసేసినట్టు చదునుగా ఉంది.

పాతహెడ్‌ఫోన్
కేబుల్ చూసుకోండి ముందు. నీళ్లు దిగి ఉంటాయి.

నురగబుడగ
కేబుల్ కాదు, పట్టికలూ తప్పు కాదు. అల ఎత్తుకీ చప్పుడుకీ నేరుగా సంబంధం లేదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. నున్నటి అల ఎంత పెద్దదైనా మన చెవికి వినపడే బ్యాండ్‌లో మూగదే. అల విరగాలి, విరిగి గాలిని లోపలికి లాక్కోవాలి. అప్పుడు చప్పుడు పుడుతుంది. మీ స్వెల్ రోజున నురగ కనిపించిందా?

ఉప్పుగాలి
లేదు. ఒడ్డు దగ్గర తప్ప ఎక్కడా తెలుపు లేదు. గాలి రోజున మాత్రం నీళ్లంతా తెల్లటి మచ్చలే.

నురగబుడగ
జవాబు మీరే చెప్పేశారు.

యాంకర్_అన్న
అంత సులువుగా తేల్చేయకండి. సముద్రంలో నేపథ్య రొద అంటే అసలు ఓడలది. అలల వాటా ఎంతని? వందల కిలోమీటర్ల అవతల పోయే ఓడ ప్రొపెల్లర్ కూడా వినపడుతుంది. గాలి లేని రోజు ఆ దారిన ఓడలు పోలేదేమో, అంతే అయ్యుండొచ్చు కదా.

స్పెక్ట్రమ్_శాస్త్రి
అన్నా, ఏ ఫ్రీక్వెన్సీ గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోకపోతే ఈ గొడవ తెగదు. 1962లో గోర్డన్ వెంజ్ అప్పటిదాకా దొరికిన కొలతలన్నీ ఒక్క చిత్రంలో పేర్చాడు. ఈ రంగంలో వాళ్లు ఇప్పటికీ ఆ గీతలే వాడతారు. అందులో రమారమి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా దూరపు ఓడలది పైచెయ్యి. కొన్ని వందల హెర్ట్జ్ నుంచి పదుల కిలోహెర్ట్జ్ దాకా గాలి, అలలు, బుడగలు, తుంపర్లు. ఇంకా పైకి, రమారమి 50 కిలోహెర్ట్జ్ దాటాక నీటి అణువుల సొంత కదలిక వల్ల వచ్చే ఉష్ణ రొద. ఉప్పుగాలి గారు అడిగింది 1 కిలోహెర్ట్జ్ గురించి. పక్కనే ఓడ పోతుంటే తప్ప అక్కడ రాజ్యం గాలిదే.

అంతకు ముందు 1948లో నుడ్సెన్, ఆల్ఫర్డ్, ఎమ్లింగ్ రెండో ప్రపంచ యుద్ధ కాలపు కొలతలతో వేసిన గీతలున్నాయి. వాటిని సముద్ర స్థితి అంకెలతో విడగొట్టారు. మీరు చదివిన మాట అక్కణ్నుంచి వచ్చిందే. వెంజ్ గీతల మీద మాత్రం బోఫోర్ట్ గాలి అంకెలు ఉంటాయి. ఆ తేడా ఊరికే రాలేదు. గాలి ఎక్కువసేపు, ఎక్కువ దూరం వీచిన నడిసముద్రంలో గాలీ అలా కలిసే పెరుగుతాయి కాబట్టి ఏ అంకె వాడినా పని జరిగిపోతుంది. మీ దగ్గర ఒక రోజు గాలి లేకుండా అల, ఇంకో రోజు అల ఎదగకుండా గాలి. జంట విడిపోయింది కాబట్టి ఎవరి చప్పుడు ఎవరిదో బయటపడింది. నిజానికి మీ రికార్డింగ్ పాఠం చెప్పడానికి పనికొస్తుంది.

చిట్టిచేప
కొత్త సభ్యురాలిని. నీళ్లు నీళ్లను కొట్టుకుంటేనే చప్పుడు వస్తుంది కదా, మధ్యలో బుడగ ఎందుకు కావాలి?

నురగబుడగ
మంచి ప్రశ్న. నీళ్లు నీళ్లను కొట్టుకున్నా చప్పుడు వస్తుంది, కానీ చాలా తక్కువ. నిండా నీళ్లున్న గ్లాసులో ఒక్క చుక్క వేసి వినండి. "టింగ్" మంటుంది చూశారా, అది చుక్క తగిలిన చప్పుడు కాదు. చుక్క చేసిన గుంట అడుగున చిన్న గాలి బుడగ చిక్కి విడిపోతుంది, ఆ బుడగ మోగుతుంది. బుడగలోని గాలి స్ప్రింగు, చుట్టూ ఉన్న నీళ్లు బరువు. బుడగ పుట్టిన క్షణాన దాని ఆకారం, పీడనం కుదురుగా ఉండవు. సర్దుకునే క్రమంలో ఉబ్బుతూ కుంచించుకుంటూ కొన్ని మిల్లీసెకన్లపాటు మోగి ఆగిపోతుంది.

1933లో మిన్నర్ట్ దీనికి లెక్క కట్టాడు. ఉపరితలం దగ్గర 1 మిల్లీమీటర్ వ్యాసార్థమున్న బుడగ సుమారు 3.3 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 10 మిల్లీమీటర్లదైతే 330 హెర్ట్జ్, 0.1 మిల్లీమీటర్‌దైతే 33 కిలోహెర్ట్జ్. వ్యాసార్థం పెరిగినకొద్దీ అదే నిష్పత్తిలో స్వరం దిగుతుంది. ఒక్క అల విరిగితే ఈ సైజులన్నీ కలగాపులగంగా పుడతాయి. అందుకే మనకు ఒక స్వరంగా కాకుండా హోరుగా వినపడుతుంది.

చిట్టిచేప
మరి నురగ నిమిషాలకొద్దీ తేలుతూనే ఉంటుంది కదా, అంతసేపూ మోగుతుందా?

నురగబుడగ
లేదు. పుట్టినప్పుడే కేక, తర్వాత మౌనం. ఎక్కువగా పోగయ్యాక తిరగేసి పక్కవాళ్ల చప్పుడు మింగేస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతా. స్పెక్ట్రోగ్రామ్‌ని (ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మని) బాగా పెద్దది చేసి చూడండి. గాలి రోజున హోరు ఒకే మందంలో పరుచుకుని ఉండదు. దగ్గర్లో ఒక అల తల విరిగినప్పుడల్లా కింద రెండు మూడు వందల హెర్ట్జ్ నుంచి పైకి పది కిలోహెర్ట్జ్ దాటేదాకా నిలువుగా ఒక మసక పట్టీ లేస్తుంది. సెకనో రెండు సెకన్లో ఉండి మాసిపోతుంది. ఇంకాస్త దూరాన విరిగినది పలచగా కనిపిస్తుంది. అలాంటివి వేలు ఒకదానిమీద ఒకటి పడితే వచ్చేదే మనం నేపథ్య రొద అనుకునేది.

లోలోతు
"కింద రెండు మూడు వందల హెర్ట్జ్" అన్నారు. మిన్నర్ట్ లెక్క ప్రకారం దానికి సెంటీమీటర్ పైన వ్యాసార్థం ఉండే బుడగలు కావాలి. అంత పెద్దవి అలలో ఎన్ని పుడతాయి? నాకిది నమ్మబుద్ధి కావట్లేదు.

నురగబుడగ
సరైన చోట పట్టుకున్నారు. ఒంటరి బుడగలతో ఆ కింది భాగం సరిపోదు. 1980ల చివర్లో ప్రాస్పెరెట్టి, కేరీ లాంటివాళ్లు చెప్పిందేమంటే, బుడగలు గుంపుగా ఉన్నప్పుడు గుంపంతా ఒక్కటై ఊగుతుంది. ఒక్కో బుడగ చిన్నదే అయినా మేఘం పెద్దది. దాని స్వరం ఒక్కో బుడగ స్వరం కన్నా చాలా కిందికి దిగుతుంది.

లోలోతు
అయితే సరే. గుంపు స్వరం దిగడానికి కారణం అర్థమవుతోంది. మధ్యలో గాలి ఉన్న నీళ్లు మామూలు నీళ్లకన్నా చాలా మెత్తన, శబ్ద వేగం కూడా అందులో దారుణంగా పడిపోతుంది.

భూకంపాలబాబాయ్
అందరూ కిలోహెర్ట్జ్‌ల దగ్గరే తిరుగుతున్నారు. నున్నటి అల మూగది అన్న మాట నేను ఒప్పుకోను. 1 హెర్ట్జ్ కిందికి దిగి చూడండి, నున్నటి అలలు ప్రపంచమంతా వినపడేంత రొద చేస్తాయి. సముద్రానికి ఎంతో దూరంలో, ఖండం మధ్యలో పెట్టిన సీస్మోమీటర్‌లో కూడా రాత్రింబగళ్లు ఆగని సన్నటి వణుకు ఉంటుంది. దాన్ని మైక్రోసీజమ్ అంటాం. అది అలలదే.

పాతహెడ్‌ఫోన్
బాబాయ్ వచ్చాడు, ఇక నేల కదలాల్సిందే 😀

లోలోతు
బాబాయ్, అల పీడనం లోతుకు పోతే చచ్చిపోతుంది కదా? పన్నెండు సెకన్ల అల లోతు నీళ్లలో రమారమి 225 మీటర్ల పొడవు ఉంటుంది. దాంట్లో సగం లోతుకు, అంటే 110 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి పీడనం 4 శాతం మిగులుతుంది. నాలుగు కిలోమీటర్ల అడుగున ఏమీ మిగలదు. నేలనేం కదుపుతుంది?

భూకంపాలబాబాయ్
నువ్వు చెప్పింది ఒకే దిక్కున పోయే అలకి నూటికి నూరుపాళ్లూ కరెక్ట్. అదే ఫ్రీక్వెన్సీ ఉన్న రెండు అలలు ఎదురెదురుగా వస్తే కథ మారిపోతుంది. అప్పుడు నీళ్లు నిలబడి పైకీ కిందికీ ఊగుతాయి. ఒక్క క్షణం శిఖరాలు, పల్లాలు. ఇంకో క్షణం ఉపరితలం చదును. మళ్లీ శిఖరాలు, ఈసారి చోటు మారి. శిఖరాలున్నప్పుడు మొత్తం నీటి గరిమనాభి చదునుగా ఉన్నప్పటికన్నా కొంచెం పైన ఉంటుంది, ఎందుకంటే పల్లంలోని నీళ్లు తీసి శిఖరం మీద పెట్టినట్టే కదా. అంటే ఒక్కో ఊపులో నాభి రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. అంత బరువు లేచి దిగాలంటే అడుగు నుంచి తోపు కావాలి. ఆ తోపే అడుగు మీద పీడనం. అల ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో ఉంటుంది, లోతుతో తగ్గదు. సముద్రం ఎంత లోతైనా బరువు బరువే కదా.

ఇలా నిలబడి ఊగే అలల కింద ఇలాంటి పీడనం ఉంటుందని 1944లో మిష్ చూపించాడు. 1950లో లాంగెట్-హిగిన్స్ దాన్ని మైక్రోసీజమ్‌లకు ముడిపెట్టి పూర్తి సిద్ధాంతం ఇచ్చాడు. లెక్క వేసుకోవాలంటే, ఆ పీడనం రెండు అలల ఆంప్లిట్యూడ్‌ల (మధ్య మట్టం నుంచి శిఖరం దాకా ఎత్తుల) లబ్ధం, కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గం, నీటి సాంద్రత, వీటన్నిటినీ గుణించి రెండింతలు చేస్తే వచ్చేది. ఒక్కోటి ఒక్కో మీటరు, పన్నెండు సెకన్లు అనుకుంటే 550 పాస్కల్‌ల పైమాటే. ఆదర్శ పరిస్థితిలో లెండి, నిజం సముద్రంలో ఎదురు అలలు అంత పొందిగ్గా కలవవు.

చిట్టిచేప
ఎదురెదురుగా ఒకే ఫ్రీక్వెన్సీ అలలు ఎలా వస్తాయి? గాలి ఒక దిక్కునే వీస్తుంది కదా.

భూకంపాలబాబాయ్
మూడు దారులు. తుఫాను తాను పుట్టించిన అలలకన్నా వేగంగా కదిలితే వెనక్కి వెళ్లే అలల్లోకి కొత్తవి వచ్చి కలుస్తాయి. రెండు తుఫానుల స్వెల్‌లు ఎక్కడో ఎదురుపడతాయి. తీరం కొండగట్టులా నిటారుగా ఉంటే అల తిరిగి వెళ్లి వచ్చేదాన్ని కలుస్తుంది. పది పన్నెండు సెకన్ల అలలకు మైక్రోసీజమ్ ఐదారు సెకన్లలో కనిపిస్తుంది. సీస్మోగ్రాఫ్ రొదలో అన్నిటికన్నా ఎత్తైన గుట్ట అదే.

నురగబుడగ
బాబాయ్ మాటకు నా మాట అడ్డం కాదు. వినపడే బ్యాండ్‌లో మూగది అన్నాను. 1 హెర్ట్జ్ కింద అల తానే మాట్లాడుతుంది, వందల హెర్ట్జ్ పైన అల చిక్కించుకున్న గాలి మాట్లాడుతుంది. మధ్యలో ఓడలు.

యాంకర్_అన్న
మధ్యలో నన్ను పెట్టారు, సంతోషం. ఆ "మధ్య" కూడా చిన్నదేం కాదు. కాలిఫోర్నియాకు పడమట శాన్ నికోలస్ ద్వీపం దగ్గర 1960ల కొలతలనూ 2003-04 కొలతలనూ పోల్చి చూశారు. 30 నుంచి 50 హెర్ట్జ్ మధ్య 10 నుంచి 12 డెసిబెల్‌లు పెరిగింది. గాలి, అలలు ఆ నలభై ఏళ్లలో అంతగా మారలేదు. పెరిగింది ఓడలు. తిమింగలాలు మాట్లాడుకునేది కూడా ఆ బ్యాండ్‌లోనే, నా బాధ అది. అలల రొదతో అవి లక్షల ఏళ్లుగా బతుకుతున్నాయి. ఓడల రొద అలవాటు లేనిది. నేపథ్యం అనగానే అంతా ప్రకృతి ఖాతాలో వేసేస్తే ఎలా?

స్పెక్ట్రమ్_శాస్త్రి
అందులో నాకు రెండో మాట లేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఓడల రాకపోకలు తగ్గినప్పుడు కెనడా దగ్గర ఫండీ అఖాతంలో రొద 6 డెసిబెల్‌లు పడిపోయింది. అక్కడి రైట్ తిమింగలాల్లో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. గాలిది తగ్గించలేం, ఓడలది తగ్గించగలం.

కెరటాలరాణి
మళ్లీ మొదటికి వస్తా. ఉప్పుగాలి గారూ, ఆ నెత్తి కోసిన చదును సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. స్వెల్ ఎత్తు రెండు మీటర్లంటే ఆంప్లిట్యూడ్ ఒక మీటరు, ఉపరితలం దగ్గర పీడనం సుమారు 10,000 పాస్కల్. పది మీటర్ల నీళ్లలో పన్నెండు సెకన్ల అలకి అందులో 85 శాతం పైనే అడుగుకు దిగుతుంది. లోలోతు గారు చెప్పిన తరుగుదల లోతు నీళ్లకే, ఇక్కడ నీళ్లే చాలవు. నీటిలో డెసిబెల్‌కు ఆధారం 1 మైక్రోపాస్కల్ కాబట్టి అది దాదాపు 200 డెసిబెల్‌లు! మీ హైడ్రోఫోన్ సున్నితత్వం మైనస్ 180 డెసిబెల్‌లు (అంటే పాస్కల్‌కు 1 మిల్లీవోల్ట్) అనుకుంటే బయటికి 10 వోల్ట్‌ల దాకా రావాలి. ఏ ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) తట్టుకుంటుంది? అందుకే నెత్తి కోసుకుపోయింది.

ఇక అసలు విషయం. చదునైన ముక్కల్లో 1 కిలోహెర్ట్జ్ సిగ్నల్ బతికి ఉండదు, అలతో పాటు అదీ నలిగిపోతుంది. కాబట్టి "స్వెల్ రోజు నిశ్శబ్దం" అనేది నిజమైన నిశ్శబ్దమా, పరికరం నోరు మూసుకోవడమా అన్నది ఇంకా తేలలేదు. నురగబుడగ గారి జవాబు సరైనదే కావచ్చు, కానీ ఈ ఫైల్‌తో రుజువైపోయిందని అనకూడదు.

నురగబుడగ
పూర్తిగా ఒప్పుకుంటాను. చదునైన ముక్కలు తీసేసి మళ్లీ చూడాలి.

ఉప్పుగాలి
200 డెసిబెల్‌లా? అంత చప్పుడైతే చేపలు చచ్చిపోవూ?

కెరటాలరాణి
పన్నెండు సెకన్లకోసారి నెమ్మదిగా ఒక మీటరు లోతు పెరిగి తగ్గినట్టు, అంతే. చేప రోజూ పైకీ కిందికీ ఈదుతూ అంతకన్నా ఎక్కువ మార్పు చూస్తుంది. ఇంకోటి, గాలిలో డెసిబెల్‌లతో పోల్చకండి. అక్కడ ఆధారం 20 మైక్రోపాస్కల్, దానివల్లే 26 డెసిబెల్‌ల తేడా. నీళ్ల ఇంపెడెన్స్ (శబ్దానికి ఇచ్చే అడ్డు) వల్ల ఇంకో 36. మొత్తం 62 దాకా పక్కన పెట్టాకే శక్తి తీవ్రతలు పోల్చాలి. ఇక్కడ అదీ కుదరదు, ఎందుకంటే ఇది ప్రయాణించే శబ్ద తరంగమే కాదు, అల కింద ఊగే పీడనం.

పాతహెడ్‌ఫోన్
మరి దీనికి మందేంటి? సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ వేసుకుంటే పోదా?

కెరటాలరాణి
పోదు. నెత్తి తెగాక ఏ ఫిల్టరూ తిరిగి అతికించలేదు. గెయిన్ (సిగ్నల్ పెంచడం) కంటే ముందే హై-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపే ఫిల్టర్) ఉండాలి, 5 లేదా 10 హెర్ట్జ్ దగ్గర. బాబాయ్ బ్యాండ్ కూడా కావాలంటే దానికి వేరే ఛానెల్, తక్కువ గెయిన్‌తో. చట్రం మీద హైడ్రోఫోన్ ఊగకుండా మెత్తటి రబ్బరు తాళ్లతో నాలుగు వైపులా కట్టండి. అల కింద నీళ్లు ముందుకీ వెనక్కీ కదులుతాయి, ఆ ప్రవాహం హైడ్రోఫోన్‌ని ఒరుసుకుంటూ పోతే కొన్ని పదుల హెర్ట్జ్ దాకా దొంగ రొద వస్తుంది. కేబుల్ బిగుతుగా ఉంటే వీణ తీగలా మోగుతుంది.

లోలోతు
ఒక అనుమానం. ఇంకా లోతుకు దించితే గాలి రొద తగ్గుతుందా? తగ్గితే ఈ బాధే ఉండదు కదా.

స్పెక్ట్రమ్_శాస్త్రి
అనుకున్నంత తగ్గదు. ఒక్క చోటి నుంచి వచ్చే చప్పుడైతే రెట్టింపు దూరానికి పావు వంతు అవుతుంది. కానీ పైన మొత్తం సముద్రమే మోగుతోంది. రెట్టింపు లోతుకు పోతే అదే కోణంలోంచి నాలుగింతల ఉపరితలం వినపడుతుంది. పావు, నాలుగింతలు, లెక్క సరికి సరి. అందుకే 1 కిలోహెర్ట్జ్ లాంటి చోట లోతుతో పెద్ద తేడా రాదు. పై ఫ్రీక్వెన్సీలు మాత్రం దారిలో నీళ్లలోనే ఇంకిపోతాయి. 2015లో మరియానా అగాధంలో ఛాలెంజర్ డీప్‌లో, 10 కిలోమీటర్ల పైచిలుకు లోతున హైడ్రోఫోన్ దించితే పైన పోతున్న టైఫూన్ కూడా వినపడింది.

వానచినుకు
గాలి పెరిగినకొద్దీ రొద పెరుగుతూనే పోతుందని ఎవరైనా అనుకుంటుంటే ఒక్క మాట. సెకనుకు 5 మీటర్లు దాటాక తెల్లటి తలలు బాగా మొదలవుతాయి, రొద జోరందుకుంటుంది. 15 మీటర్ల చుట్టుపక్కల నుంచి పై ఫ్రీక్వెన్సీల్లో తిరగబడుతుంది. ఉపరితలం కింద బుడగల దుప్పటి ఏర్పడి కొత్త అలల చప్పుడు మింగేస్తుంది. 1984లో ఫార్మర్, లెమన్ కొలిచి చూపించారు. నురగబుడగ గారు "తర్వాత చెబుతా" అన్నది ఇదే అనుకుంటా.

నురగబుడగ
ఇదే. నా పని తగ్గించారు.

వానచినుకు
వాన కూడా కలుస్తుంది జాగ్రత్త. చిరుజల్లు పడితే 15 కిలోహెర్ట్జ్ దగ్గర గుండ్రటి గుట్ట లేస్తుంది. రమారమి 1 మిల్లీమీటర్ వ్యాసమున్న చినుకులు పడ్డ ప్రతిసారీ దాదాపు ఒకే సైజు బుడగను చిక్కించుకుంటాయి, అందుకే గుట్ట అంత స్పష్టంగా ఉంటుంది. గాలి లేస్తే చినుకు ఏటవాలుగా పడి బుడగ సరిగా చిక్కదు, గుట్ట చెదిరిపోతుంది. ఈ తేడాలు పట్టుకుని నీటి కింద నుంచే పైన గాలి ఎంత, వాన ఎంత అని చెప్పే పరికరాలున్నాయి. ఉపగ్రహం కన్నా ఒక సుఖం, మబ్బు అడ్డం రాదు.

ఉప్పుగాలి
చదునైన ముక్కలన్నీ తీసేశాను. మిగిలినదాంట్లో స్వెల్ రోజు 1 కిలోహెర్ట్జ్ దగ్గర గాలి రోజు కన్నా 15 డెసిబెల్‌ల పైనే తక్కువ. కానీ కొత్త తలనొప్పి: 5 కిలోహెర్ట్జ్ పైన రెండు రోజులకూ తేడా లేదు. గాలి ఉన్నా లేకపోయినా నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే చప్పుడు.

లోలోతు
రొయ్యలు! స్నాపింగ్ ష్రింప్. వెచ్చటి, లోతు తక్కువ నీళ్లలో అడుగున రాయి గానీ గుల్లలు గానీ ఉంటే తప్పవు.

స్పెక్ట్రమ్_శాస్త్రి
అవే. పట్టకారు లాంటి పెద్ద గోరు టక్కున మూస్తే నీటి ధార దూసుకుపోయి వెనక ఖాళీ బుడగ ఏర్పడుతుంది, అది కూలినప్పుడు వచ్చే చప్పుడు అది. 2 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య వాటి ముందు గాలి నిలవదు. యుద్ధ కాలంలో సోనార్ వాళ్లను బాగా ఏడిపించాయి. సగటు బదులు మీడియన్ (వరసలో నడిమి విలువ) తీసి చూడండి. చిటుకులు సూదుల్లాంటివి కాబట్టి సగటును లాగేస్తాయి గానీ మీడియన్‌ను అంతగా కదపలేవు. చిటుకు చిటుకుకీ మధ్య ఖాళీల్లో గాలి రొద ఇంకా దొరకొచ్చు. ఎఫ్ఎఫ్‌టీ కిటికీ (ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టడానికి ఒక్కోసారి తీసుకునే ముక్క) 10 మిల్లీసెకన్ల లోపు పెట్టండి, లేకపోతే ప్రతి కిటికీలోనూ ఒక రొయ్య ఉంటుంది.

ఉప్పుగాలి
ఇప్పుడు 1 సెకను పెట్టి ఉంది. మార్చి రెండు రోజులవీ పక్కపక్కన పెడతాను. హై-పాస్ బోర్డు కూడా మొదలుపెట్టా. కెరటాలరాణి గారూ, 10 హెర్ట్జ్‌కి ఒక్క దశ చాలా, రెండు కావాలా?

కెరటాలరాణి
10 హెర్ట్జ్‌కి ఒక్క దశ వేసినా పన్నెండు సెకన్ల అల వందో వంతు కంటే తగ్గిపోతుంది, 10 వోల్ట్‌లు 0.1 వోల్ట్ కన్నా కిందికి వస్తాయి. గెయిన్ 20 డెసిబెల్ అయితే ఒకటి చాలు. 40 పెట్టాలనుకుంటే రెండు వేయండి.